తోలు వాసన లేని సీసా

ఆ కరోనా రోజుల్లో ఇల్లు కదలకుండా కూర్చున్న వాళ్లందరికీ ఏదో ఒక పిచ్చి పట్టింది, మీకూ గుర్తుండే ఉంటుంది. కొందరు పిండి పులియబెట్టి రొట్టెలు చేశారు, కొందరు బాల్కనీలో కొత్తిమీర పెంచారు, మా ఆఫీసులో ఒకాయన గిటారు నేర్చుకుని ప్రతి మీటింగు చివరా వాయించి మమ్మల్ని ఏడిపించాడు. నాకు వైన్ పిచ్చి పట్టింది. తాగుడు పిచ్చి కాదు (మా అమ్మ ఇది చదివితే ఈ వాక్యం దగ్గర ఆగి ఇంకోసారి చదవాలని మనవి), వైన్ గురించి తెలిసినవాణ్ని అనిపించుకునే పిచ్చి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో మొదటి ఉద్యోగం, ఇక్కడ పనిచేసుకోవడానికిచ్చే బ్లూ కార్డు చేతికొచ్చి నాలుగు నెలలు, లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటగది. అంతకుముందు నాకు తెలిసిన వైన్ అల్లా మా హన్మకొండలో 'వైన్స్' అని బోర్డు పెట్టుకున్న దుకాణాలే. అక్కడ వైన్ తప్ప అన్నీ అమ్మేవారు.

దీనికంతటికీ కారకుడు మా అన్న. సొంత అన్న కాదు, ఆఫీసులో నాకంటే ఆరేళ్లు సీనియరు, ఊరు జనగామ. పరాయి దేశంలో అన్నా అని పిలవడానికి ఆ మాత్రం చుట్టరికం చాలు. ఒకరోజు ఫోన్ చేసి, "తమ్మీ, ఆన్‌లైన్ల ఒక డబ్బా పెట్టిండ్రు. పన్నెండు సీసలు, సగం రేటుకే. ఆరు గ్లాసులు ఫ్రీ. అన్నిటికీ మెడల్ ఉన్నది" అన్నాడు. సైటు తెరిచాను. పాత ధర ఎర్రగా కొట్టేసి ఉంది, పక్కన కొత్త ధర, దాని కింద 'ఇంకా రెండు గంటలే' అంటూ పరుగెత్తే గడియారం. మర్నాడు చూసినా ఆ గడియారం రెండు గంటలే చూపించింది గానీ, అప్పటికి నేను కొనేశాను. ప్రతి సీసా మెడకీ బంగారు రంగు పతకం అంటించి ఉంది. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో నేను అడగలేదు. మా బడిలో ఆటల పోటీకి వచ్చిన వాళ్లందరికీ పతకాలిచ్చేవారన్న సంగతి ఆ పూట గుర్తు రాలేదు.

డబ్బాతో పాటు ఒక రంగుల పుస్తకం వచ్చింది. గ్లాసు ఎలా తిప్పాలి, వాసన ఎలా చూడాలి, చూశాక ఏమనాలి అన్నీ అందులో ఉన్నాయి. నాకు కావలసింది ఆ చివరిదే. చెర్రీ, వెనిల్లా, పొగాకు, తడి రాయి, తోలు. శనివారం సాయంత్రం ఆరింటికి నేనూ అన్నా వీడియో కాల్‌లో ఎదురెదురుగా కూర్చుని, వేయించిన పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు ముందు పెట్టుకుని (పుస్తకంలో చీజ్ అని ఉంది, మేము సవరించుకున్నాం) వారానికో సీసా పరీక్షించేవాళ్లం, డబ్బా అయిపోతే ఇంకోటి తెప్పించేవాళ్లం. "ఏం తెలుస్తాంది?" అని అన్న అడిగేవాడు. "తోలు, అన్నా" అనేవాణ్ని. "అవు, నాకూ గదే అనిపించింది. కొత్త చెప్పుల వాసన" అనేవాడు. నిజం చెప్పాలంటే ఆ సీసాలన్నిటిలో నాకు తెలిసింది ఒక్క పులుపే. ఆవకాయ మీద పెరిగిన నాలుక, దానికి అంతకంటే తెలియలేదు. ఆ మాట బయటికి చెప్పడానికి సిగ్గేసి తోలు అన్నాను. అన్న కూడా అంతే అయి ఉంటాడని ఇప్పుడు నా అనుమానం.

ఇక్కడ మనం తలుపు తీయకపోతే పార్సెల్ పక్కింటి వాళ్లకు ఇచ్చి, మన లెటర్‌బాక్సులో చీటీ వేసి పోతారు. నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీటింగుల్లో ఉండేవాణ్ని కాబట్టి నా డబ్బాలన్నీ కింది వాటాలో ఒంటరిగా ఉండే జర్మన్ తాతగారి దగ్గరికే చేరేవి. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. అంతకుముందు ఏడాదే భార్య పోయింది. కరోనా భయానికి ఆ ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు. నన్ను 'యుంగర్ మాన్' అనేవారు, కుర్రవాడా అని. మాస్కు పెట్టుకుని, ఒకటిన్నర మీటరు దూరం పాటిస్తూ గుమ్మంలో నిలబడి, "మళ్లీ వైనేనా?" అనేవారు. ఇక నేను వచ్చీరాని జర్మన్ అంతా కూడగట్టుకుని పుస్తకంలో చదివినదంతా ఆయనకు ఉపన్యాసంగా చెప్పేవాణ్ని. (ఆయన పుట్టి పెరిగింది ఇక్కడికి అరగంట రైలు దూరంలో, చుట్టూ ద్రాక్షతోటలున్న ఊళ్లో. ఆ ముక్క ఆయన అప్పట్లో నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.) ఓపికగా తల ఊపుతూ వినేవారు. రోజు మొత్తంలో ఒక మనిషితో మాట్లాడే ఆ ఐదు నిమిషాల కోసం విన్నారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో నా పరిజ్ఞానానికి ముగ్ధులయ్యారనుకున్నాను.

ఖాళీ సీసాలు ఇంకో తలనొప్పి. వీధి చివర గాజు సీసాల తొట్లలో రంగు రంగుకీ వేరుగా వేయాలి, ఆదివారం వేయకూడదు, వేస్తుంటే ఎన్ని వేస్తున్నామో వీధంతా లెక్కపెట్టుకోవచ్చు. "ఖాళీవి పారేయకు, నాకివ్వు" అని ఒకరోజు ఆయనే అన్నారు. ఎందుకని అడగలేదు, పీడ విరగడైందనుకున్నాను.

అక్టోబరులో ఒక సాయంత్రం చీటీ పట్టుకుని వెళితే, డబ్బాతో పాటు ఒక సీసా కూడా చేతిలో పెట్టారు. "ఇది మా తోటది, ఈ ఏటిది. ఎప్పుడూ మా ఆవిడే దగ్గరుండి చేయించేది. ఈసారి నేనొక్కణ్నే చేశాను. బాగా వచ్చిందో లేదో నాకు తెలియడం లేదు. నీకు రుచి తెలుసు కదా, తాగి నిజం చెప్పు" అన్నారు. పైకి తెచ్చి చూస్తే అది నా సీసాయే. దాని మీద అంటించిన కాగితం నానబెట్టి గీకేశారు, పతకం కూడా పోయింది. లోపల ఏదో మబ్బుగా ఉంది, అడుగున మడ్డి పేరుకుంది. వెంటనే అన్నకు ఫోన్ చేశాను. "మీద పేరు లేదా? అడుగున మడ్డి ఉన్నదా? ఇంక ఆలోచనెందుకు తమ్మీ, గుడుంబనే. ముసలాయన ఇంట్ల కాసిండు. కండ్లు పోతయ్, పారబొయ్యి" అన్నాడు. మా వైపు పేరు లేని సీసా అంటే ఒకటే అర్థం, నాటుసారా. చిన్నప్పుడు పోలీసులు కుండలు పగలగొట్టడం చూసిన వాళ్లం. నేను మారుమాట్లాడకుండా సింకు దగ్గరికి వెళ్లి, కుళాయి పూర్తిగా తిప్పి, మొహం పక్కకు పెట్టి సీసా వంచేశాను. అన్ని నెలలుగా ప్రతి గ్లాసులోనూ ముక్కు ముంచినవాణ్ని, ఆ ఒక్క సీసా దగ్గర మాస్కు కూడా తీయలేదు.

మూడో రోజు మెట్ల దగ్గర దొరికిపోయాను. ఆయన నా కోసమే తలుపు తీసి ఉంచినట్టున్నారు. "ఎలా ఉంది?" అన్నారు. ఇంకా తాగలేదు అన్నా సరిపోయేది. కానీ నోట్లో పుస్తకం సిద్ధంగా ఉంది.

"పియర్ పండు, తేనె. వెనకాల కొంచెం తోలు."

"తోలా?"

"కొంచెమే. చివర్లో తడి రాయి."

పొగడ్త చాలలేదనుకుని ఇంకొంచెం వేశాను. "మంచి ఘాటుగా ఉంది. ఒక్క గ్లాసుకే నాకు తల తిరిగింది" అన్నాను.

"అది ఆపిల్ రసం, యుంగర్ మాన్" అన్నారు మెల్లగా. "తోటలో మూడు చెట్లున్నాయి. పండ్లు పట్టుకెళ్లి పిండించి, నువ్విచ్చిన సీసాల్లో పోయించాను. ఏ చెట్టువి ఎన్ని కలపాలో మా ఆవిడకే తెలుసు. ఈసారి పులుపు ఎక్కువైందేమోనని నా అనుమానం. ఇంట్లో ఇంకెవరూ లేరు కదా, అందుకని నిన్నడిగాను." తలుపు మెల్లగా వేసుకున్నారు. ధడాలున వేసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆ మూడంతస్తులూ ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు. మా ఇంట్లో ఎవరినీ అలా మోసం చేసి ఎరగను. ఈ మనిషి నన్ను అడిగింది ఒకే ఒక్క మాట, ఆ మాటకి అబద్ధం చెప్పాను. అన్నకు కూడా చెప్పాను. "నేనేదో నోటికొచ్చింది అనేసిన. నేనన్నంత మాత్రాన పారబోస్తవా నువ్వు" అన్నాడు.

ఆ తర్వాత ఐదు వారాలు దొంగలా బతికాను. ఆయన తలుపు ముందు నుంచి బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్లతో వెళ్లేవాణ్ని. పార్సెళ్లన్నీ వీధి మలుపులో దుకాణానికి వచ్చేట్టు మార్చుకున్నాను. ఆ దుకాణంలో ఎవరూ 'మళ్లీ వైనేనా' అని అడగలేదు. అడగకపోవడం అంత బాధగా ఉంటుందని నేననుకోలేదు. చివరికి ఒక ఆదివారం ఉదయం, బూట్లు తొడుక్కునే వెళ్లి గంట కొట్టాను. చెప్పాల్సిన జర్మన్ ముక్కలు కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను, తలుపు తెరుచుకోగానే అన్నీ మరిచిపోయాను. "నేను తాగలేదు. సారా అనుకుని పారబోశాను. మీకు అబద్ధం చెప్పాను. క్షమించండి" అని మాత్రం అనగలిగాను.

"తెలుసు" అన్నారాయన. "తల తిరిగింది అన్నావు చూడు, అప్పుడే తెలిసింది." తలుపు వేసుకున్నారు.

మర్నాడు పొద్దున నా లెటర్‌బాక్సు కింద ఒక సీసా ఉంది. ఈసారి దాని మీద తెల్ల కాగితం అంటించి, వణికే చేతిరాతతో రెండు ముక్కలు రాశారు. 'ఆపిల్ రసం. తోలు లేదు.' అది పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది, కళ్లూ చెమ్మగిల్లాయి. అక్కడే మాస్కు తీసి, మూత తిప్పి, సీసా ఎత్తి తాగాను. ఆపిల్ వాసన వచ్చింది, ఇంకే వాసనా రాలేదు. ఆ తర్వాత పులుపు తగిలింది, దవడలు లాగేసేంత పులుపు. మూతి తుడుచుకుని, మాస్కు పెట్టుకుని వెళ్లి తలుపు తట్టాను. "పులుపు ఎక్కువైంది" అన్నాను.

"నాకూ అలాగే అనిపించింది" అన్నారు. ఆయన మాస్కు వెనక నవ్వుతున్నారని భుజాలు కదలడం చూసి తెలుసుకున్నాను. "వచ్చే ఏడు ఎర్ర చెట్టువి ఎక్కువ వేయాలి. కోయడానికి నువ్వు రా."

వెళ్లాను, వరుసగా రెండేళ్లు. ఇప్పుడు నాకు పెళ్లయింది, వేరే ఊళ్లో ఉంటున్నాం. ఆయన సీసా మీద అంటించిన ఆ కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే నా భార్య ఈ కథంతా నాకంటే బాగా చెబుతుంది, ముఖ్యంగా తల తిరగడం దగ్గర. నేను పక్కన కూర్చుని, బంగారు పతకాల సీసా ముందు ముక్కు ఎగబీల్చుకుంటూ కూర్చున్న ఆ ఇరవై ఆరేళ్ల కుర్రవాణ్ని తలుచుకుని నవ్వుకుంటాను. సిగ్గు మాత్రం ఇంకా పోలేదు. ఎవరైనా గ్లాసు చేతికిచ్చి ఎలా ఉందని అడిగితే, ముందు తాగుతాను. ఆ తర్వాతే చెబుతాను.