‘సమానంగా’ అన్న మాట

రాయచూరు పొలిమేరలోకి బస్సు రాగానే ఉప్పుడు వడ్ల ఆవిరి వాసన కిటికీలోంచి వచ్చి ముఖాన్ని తాకింది. ఆ వెచ్చదనంలో కళ్లు మూతలు పడుతుంటే నర్సింగరావు వకీలు సాబ్ గొంతు పక్క సీట్లోంచి వినబడినట్టయింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు బెంగళూరులో దేశాలు బజారులో అప్పు తెచ్చుకునే బాండ్ల షరతులు చదివే ఉద్యోగంలో ఉన్నాను. దేశం అప్పు తీర్చలేని రోజున కోర్టులు చూసేది ఆ కాగితంలోని మాటలనే. మాటల్ని చదవడం నేను నేర్చుకున్నది మాత్రం ఈ ఊళ్లో, ఆయన దగ్గర జూనియర్‌గా చేరినప్పుడే.

ఆయన ఒప్పందాలను నాచేత పైకి చదివించేవారు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకునేవారు. నిద్రపోయారనుకుని నేను రెండు పంక్తులు దాటేస్తే వేలు లేచేది. “ఆగు బిడ్డా. గిట్ల ఉరికితే ఎట్ల? ఆ మాట ఎవరి దిక్కు నిలబడ్డదో సూడు.” ఫ్యాను గాలికి కాగితాలు అలల్లా లేచి పడుతుండేవి. మాటలకు కూడా కాళ్లుంటాయని, అవి ఎటో ఒకవైపు నిలబడతాయని నాకు మెల్లగా తెలిసింది.

తుంగభద్ర కాలువ కింద, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు ఒకటుండేది. వాళ్ల వడ్లు తీసుకున్న మిల్లు యజమాని దివాలా అంచుకు చేరాడు. మిల్లు నడుస్తుంటేనే ఎంతోకొంత వస్తుందని, కొంత తగ్గించుకుని వాయిదాల్లో తీసుకోవడానికి రైతులు ఒప్పుకున్నారు. సత్యం అనే ఒక్క రైతు ఒప్పుకోలేదు. మిల్లుతో రైతులు మొదట రాసుకున్న పాత ఒప్పందంలో ‘రైతులందరికీ సమానంగా చెల్లించవలెను’ అని ఉంది. దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లాడు. తన బాకీ పూర్తిగా తీర్చకుండా మిగతావాళ్లకు వాయిదాలు కడితే అది సమానం కాదన్నాడు. కోర్టు చెల్లింపులన్నీ ఆపేసింది. వడ్లిచ్చేవాళ్లు లేక మిల్లు మూతపడింది. ఆ పాత ఒప్పందం రాసింది వకీలు సాబే.

మరునాడే నన్ను వెంటబెట్టుకుని క్యాంపుకు వెళ్లారు. అందరినీ కూర్చోబెట్టి తాను మాత్రం నిలబడ్డారు. “సత్యం గలతీ లేదు. గలతీ నాది. ‘సమానంగా’ అంటే అందరి హక్కు ఒకటేననా, ఒకరికి కడితే అందరికీ అప్పుడే కట్టాల్ననా? ఆ మాటకు రెండు అర్థాలున్నయని రాసేటప్పుడు సూస్కోలే.”

రత్తమ్మ అనే రైతు అడిగింది: “కావాలని చేశారా ఏంటండీ?”

“లేదమ్మా.”

“అయితే మళ్లీ రాయండి. ఈసారి మాకు చదివి వినిపించి రాయండి.”

ఆయన ఆ సాయంత్రమే సత్యం ఇంటికి వెళ్లారు. ఎందుకు ఒప్పుకోలేదని అడిగారు. సత్యం తలవంచుకుని, “అందరూ సంతకాలు పెట్టాక కాగితం నా దగ్గరికొచ్చిందండీ. నన్ను ముందు ఒక్కరూ అడగలేదు,” అన్నాడు. వకీలు సాబ్ అరుగు మీద కూర్చుని, “ఇప్పుడు అడుగుతున్న. చెప్పు,” అన్నారు.

కొత్త ఒప్పందంలో ఎక్కువమంది ఒప్పుకున్నది అందరికీ వర్తిస్తుందని రాశారు. ఓటుకు ముందు ప్రతి ఒక్కరి మాటా వినాలన్న షరతు సత్యం పెట్టించాడు. కేసు వెనక్కి తీసుకున్నాడు. పంట చేతికొచ్చే నాటికి మిల్లు పొగ మళ్లీ లేచింది.

కిందటేడు ఒక చిన్న ద్వీపదేశం బాండ్ల ముసాయిదా మా దగ్గరికొచ్చింది. అప్పిచ్చినవాళ్లంతా సమాన హోదాలో ఉంటారన్న వాక్యం అందులో ఉంది. హోదా ఒకటేనా, చెల్లింపు కూడా ఒకేసారి జరగాలా అన్నది స్పష్టంగా లేదు. ఎన్నో ఏళ్లుగా ఒకరి కాగితంలోంచి ఇంకొకరు ఎత్తి రాసుకుంటున్న వాక్యమే అది. మొదటిసారి చూసి సరేనని సంతకం పెట్టింది నేనే. సంగతి గ్రహించేసరికి బాండ్లు అమ్మకానికి వెళ్లడానికి రెండు రోజులే ఉన్నాయి.

సమావేశంలో అందరూ గడియారం చూసుకుంటున్నారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

“ఈ వాక్యంలో తప్పుంది. వదిలేసింది నేనే. మళ్లీ రాద్దాం,” అన్నాను.