నిద్ర చెడగొట్టినవాడు

కంచరపాలెం రోజారమణి చున్నీ నడుముకు బిగించి నిచ్చెనెక్కిందంటే బొగ్గు యార్డులో మగాళ్లు తప్పుకోవలసిందే. బొగ్గు వేడెక్కితే చెప్పే వైర్‌లెస్ సెన్సర్లు నూటపది ఆమె చేతికింద ఉన్నాయి. బ్యాటరీ ఆదా కోసం అవి నిద్రపోతాయి, సిగ్నల్ పంపి పిలిస్తే లేస్తాయి. రెండేళ్లు రావలసిన బ్యాటరీలు నెలకే చచ్చాయి. "నాసిరకం కొన్నావు, ఇక పనిలోకి రాకు" అన్నాడు పెద్ద చదువుల మేనేజరు.

"తప్పు బ్యాటరీది కాదు సార్. ఎవుడో దొంగ సిగ్నల్‌తో వాటిని మాటిమాటికీ లేపేత్తన్నాడు. నైట్ డ్యూటీ సేసొచ్చి పడుకున్న మా ఆయన, ఎవులు తలుపు బాదినా లేవడు. రెండు తట్లు, ఆగి ఒకటి కొడితే నానేనని లేత్తాడు. వీటికీ అలాటి గుర్తు నేర్పుతాను, వారం ఆగండి" అంది. కొత్త బ్యాటరీలు వేసి, నేర్పింది.

ఆర్నెల్లయినా ఒక్క సెన్సరూ ఆగలేదు. "ఈసారి మంచి బ్యాటరీలు ఎక్కడ కొన్నావమ్మా?" అన్నాడాయన.

"అదే కొట్టు సార్, అయ్యే బ్యాటరీలు" అంది రోజారమణి, యార్డంతా వినపడేలా.