తెల్ల గౌను, ఎర్ర సిరా

ట్రంకుపెట్టె తెరవగానే కలరా ఉండల వాసనతోపాటు పాత కోపం కూడా లేచింది.

చిలకలగూడ ఇంట్లో నానమ్మ ప్రతి క్రిస్మస్‌కూ మనవరాళ్ల బొమ్మలకు గౌన్లు కుట్టేది. నేను ఎర్రది అడిగితే, ఆ ఏడు అందరికీ తెల్లవే కుట్టింది.

"ఇది నాకొద్దు. దయ్యం లెక్కుంది" అని నా గౌనును ఎర్ర సిరాలో ముంచాను.

"జెర చూసుకో బిడ్డా, చేతులకు అంటుతది" అంది నానమ్మ. అంతే.

మా ఇళ్లలో ఆడవాళ్లను పెళ్లినాటి తెల్లచీరలోనే సమాధి చేస్తారు. నానమ్మ పోయిన రోజు అమ్మ ఈ పెట్టెంతా వెతికితే, ఆ చీర అంచు మాత్రమే దొరికింది. మిగతా చీరంతా మా బొమ్మల ఒంటి మీద ఉంది.

ఇప్పటికీ నానమ్మ మీదే నాకు మంట. ఆ రోజు నా చెంప పగలగొట్టి చెప్పాల్సింది. ఆమేమో సబ్బు తెచ్చి నా చేతులు కడిగింది.