ముళ్లులేని చెట్టు, నా కాళ్ల కింది మన్ను

ఆ రోజుల్లో నాకు ఏ నమ్మకాలూ లేవుగానీ, నామీద నాకున్న నమ్మకానికి మాత్రం లోటుండేది కాదు. మరీ పాతకాలం ముచ్చటేమీ కాదిది. అప్పటికే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. నేను గద్వాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. సెలవు దొరికితే వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు దాకా ఎవరు మైకు ఇస్తే వారి ఊరు పోయి, దిష్టి అనేది లేదని ఉపన్యసించేవాణ్ణి. ‘కంటిలోకి వెలుతురు వస్తుందే తప్ప కంటి నుంచి ఏదీ బయటికి పోదు, పోయేదుంటే చూపించండి’ అని సవాలు విసిరేవాణ్ణి. కొత్తకోటలో ఒక లారీ ముందు దిష్టి తీసి పగలగొట్టబోతున్న బూడిద గుమ్మడికాయను అడిగి తీసుకుని, ఇంటికి తెచ్చి వండించుకుని తిన్నాను కూడా. (కూర చప్పగా ఉంది. అయినా సిద్ధాంతం కోసం మారు వడ్డించుకున్నాను.) అలాంటి నామీద, సొంత అత్తగారి వాకిట్లో, పచ్చని చెట్టుకు దిష్టి పెట్టాడన్న నింద పడింది.

ఆ చెట్టు మా బావమరిది చలవ. బెంగళూరులో ఉద్యోగం చేసే అతను ఒక వానాకాలం ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు దిగి, రెండు కుండీలు చంకన పెట్టుకుని గద్వాల వచ్చాడు. రెండూ ముళ్లులేని బ్లాక్‌బెర్రీ మొక్కలే. ఒకటి నాకు, ఒకటి మా షడ్డకుడికి. (షడ్డకుడంటే నా భార్య అక్క మొగుడు, తోడల్లుడని కొన్నిచోట్ల అంటారు. పేరేదైనా ఆ బంధంలోని పోటీ ఒక్కటే.) ఆయనకు ఇంట్లోనే మగ్గం ఉంది, చీరలు నేస్తాడు. మా అత్తమ్మ వాళ్ల దగ్గరే ఉండేది. మేము రెండు వీధుల అవతల అద్దెకుండేవాళ్లం. మొక్కలు చేతికిస్తూ బావమరిది, “చూద్దాం, ఎవరిది ముందు కాస్తదో” అని ఊరుకోకుండా నిప్పు రాజేశాడు. అత్తమ్మ ఆలోచించకుండానే, “చిన్నల్లుడు సదువుకున్నోడు, ఆయనదే కాస్తది తియ్” అంది. ఆ ఒక్క మాటతో ఆ మొక్క నా పరువైపోయింది.

నీలం రంగు డ్రమ్మును సగానికి కోయించాను. ఎర్రమన్ను, ఇసుక, మాగిన పెంట కలిపి నింపాను. మా ఎండకు తాళదని పైన పచ్చవల కట్టాను. ఫోనులో ఎవరో విదేశీ ఆసామి వీడియో చూసి, ఆయన చేసినట్టే చలికాలం రాగానే కొమ్మలన్నిటినీ మొదలు దాకా కత్తిరించాను. ఎంత నున్నగా కత్తిరించానంటే, మంగలి చూసినా మెచ్చుకునేవాడు. మా షడ్డకుడు తన మొక్కను మగ్గం గది కిటికీ కింద గుంత తీసి పాతాడు, సాగిన కొమ్మలను తెగిన పట్టుపోగులతో కిటికీ చువ్వలకు కట్టాడు, ఆ తర్వాత మరిచిపోయాడు. బియ్యం కడిగిన నీళ్లు ఆయన భార్య, మా వదిన, పోసేది, అదీ గుర్తుంటే.

మరుసటి చలికాలమూ నేను కత్తెర పట్టాను. ఆ చలి వెళ్లిన కొన్నాళ్లకు ఒక పొద్దున కుటుంబం గ్రూపులో ఫోటో వచ్చింది. షడ్డకుడి అరచేతిలో నల్లగా, నిగనిగలాడుతూ మూడు పండ్లు. కింద ‘మా ఇంటి పండ్లు, అందరికి శుభోదయం’ అని రాశాడు. ఇక దండాలు, చప్పట్లు, పూలగుత్తుల బొమ్మలు. నేనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను. ఆ వేలు ఎంత బరువుగా కదిలిందో నాకే తెలుసు.

పోయి చూడకుండా ఉండలేకపోయాను. “రా తమ్మీ, రా. కండ్లనిండ చూస్కో. ముట్టకు, గవి మస్తు మెత్తగుంటయి” అన్నాడు షడ్డకుడు, కిటికీ లోపల మగ్గం ముందు కాళ్లు పెట్టుకునే గుంతలోంచే.

“ఏం మందేసినవ్ అన్నా?”

“మందా? నాకేం తెల్వదు. నేను చెట్టును పరేషాన్ చెయ్య. నువ్వు దినాం పోయి దాని మొకంల మొకం పెట్టి ఎప్పుడు కాస్తవని అడుగుతవంట గద! పాపం, అది సిగ్గుపడ్తుండొచ్చు.”

లోపల అత్తమ్మ నవ్విన చప్పుడు వినిపించింది. వదిన ఒక పండు తెచ్చి నా చేతిలో పెట్టింది. అది తీపో పులుపో చెప్పలేని రుచి. ఇంకొకటి పెడితే బాగుండుననిపించే రుచి. “పుల్లగున్నది” అన్నాను. ఇంటికి వస్తే మా ఆవిడ, “పోనియ్యి, ఆకులైతే మనయే పచ్చగున్నయి” అని ఓదార్చింది. ఆ ఓదార్పు పండుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. (ముళ్లులేని చెట్టని అమ్మినవాణ్ణి ఆ క్షణాన నిలదీయాలనిపించింది.)

ఆ తర్వాత ఆ ఇంటికి నేను పోయినన్నిసార్లు వాళ్ల సొంత చుట్టాలెవరూ పోయి ఉండరు. టిఫిన్ గిన్నె తిరిగి ఇవ్వడానికి పోయాను. మీ దిక్కు కరెంటు ఉందా అని అడగడానికి పోయాను. ప్రతిసారీ కిటికీ ముందు నిలబడి కొమ్మ కొమ్మనూ చూసేవాణ్ణి. వీధిలో మేక కనబడితే, ఇది ఇంకెటో పోకుండా ఆ కిటికీ వైపు పోతే ఎంత బాగుండునని ప్రేమగా తలుచుకునేవాణ్ణి. మనుషులంతా సమానమని సభల్లో చెప్పిన నోరు, రెండు మొక్కల్లో ఒకటి మాత్రమే కాయడాన్ని ఎంతకీ జీర్ణించుకోలేకపోయింది.

ఎండలు ముదిరాయి. షడ్డకుడి చెట్టున కాసిన కొమ్మలు ఎండసాగాయి. ఆ వార్త విని మొదట నాకు చల్లగా అనిపించింది. మరుక్షణం చెమట పట్టింది. ఆ చెట్టు చస్తే అది నా చూపు వల్లనే అంటారు. ఊరూరా నేను చేసిన ఉపన్యాసాలన్నీ ఆ ఎండుకొమ్మలకే ఉరి పోసుకుంటాయి!

అనుకున్నంతా అయింది. ఒకరోజు వాళ్లింటి నుంచి బయటికి వచ్చి, బండి తాళంచెవి మరిచిపోయానని వెనక్కి తిరిగితే, నేను నిలబడిన చోట వదిన వంగి చీపురుపుల్లతో బండల సందు గీకుతోంది.

“ఏంది వదినా అది?”

ఆమె ఉలిక్కిపడి, వెంటనే ధైర్యం తెచ్చుకుంది. “ఏం లేదు మరిదీ. జర గా చెట్టు కాడ మన్నుల నిలబడరాదు? షాబాదు బండల మీద ఏం దొరుకుతలేదు.”

నాకు అర్థమైంది. ఎవరి దిష్టి తగిలిందని అనుమానమో, వాళ్ల కాళ్ల కింది మన్ను తీసి, ఉప్పూ మిరపకాయలతో కలిపి దిగదుడిచి నిప్పుల్లో వేస్తారు. నా కాళ్ల కింది మన్ను! ఇవ్వనంటే భయపడ్డాడంటారు. ఇస్తే నేనే ఆ మూఢత్వానికి సరుకు అందించినవాణ్ణవుతాను. “ఆదివారం ఇస్త” అని వాయిదా కోరి బయటపడ్డాను.

ఆ రెండు రోజులూ ఆ మొక్క గురించి దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ నాకు కావలసిన సాక్ష్యమూ దొరికింది, నా నేరమూ తేలింది. అది ఒక ఏడు కొమ్మ వేస్తుంది, మరుసటి ఏడు ఆ కొమ్మే కాస్తుంది, కాశాక ఎండిపోతుంది. మొదట్లోంచి కొత్త పిలకలు లేస్తాయి. ఆ విదేశీ ఆసామి మొక్క రకం వేరు, కొమ్మ వేసిన ఏడే కాసేది. నేను చూపుతో షడ్డకుడి చెట్టును చంపలేదు గానీ, కాయబోయే నా కొమ్మలను నా చేతులతోనే నరుకుతూ వచ్చాను. మొదటిది నిరూపించాలంటే రెండోది చెప్పక తప్పదు.

ఆదివారం వాకిట్లో మూకుట్లో నిప్పులు, పళ్లెంలో ఉప్పు, ఎండుమిరపకాయలు సిద్ధంగా ఉన్నాయి. నేను మన్నులో నిలబడి గొంతు సవరించుకున్నాను. “మన్ను తీస్కోండ్రి. కానీ ముందు ఒక మాట ఇనుండ్రి. కాసిన కొమ్మ ఎండుడు ఈ చెట్టు గుణం. ఎన్ని మిరపకాయలు కాల్చినా ఇవి మళ్ల పచ్చగ కావు. ఏం కాల్చకున్నా కింద కొత్త పిలకలొస్తయి. పోయినేడు కొమ్మనే ఈ ఏడు కాస్తది.”

షడ్డకుడు గడ్డం గోక్కున్నాడు. “అయితే నీదెందుకు కాయలే తమ్మీ?”

“నేను... యాడాదికోపారి కొమ్మలు కోసేసిన.”

“అన్నీనా?”

“అన్నీ.”

“సైన్సు ప్రకారమే కోసినవా?”

వాకిలంతా గొల్లుమంది. వదిన నవ్వుతూనే నా కాళ్ల కింది మన్ను తీసి, ఉప్పూ మిరపకాయలతో కలిపి, చెట్టు చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేసింది. మరుక్షణం లేచిన ఘాటుకు అందరికీ ఊపిరాడలేదు. దిష్టి ఉంటే మిరపకాయలు ఘాటు రాకుండా కాలిపోతాయని వాళ్ల శాస్త్రం. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “మరిది దిష్టి గాదు!” అని దగ్గుతూ ప్రకటించింది. నన్ను నిర్దోషిగా తేల్చింది మిరపకాయ! సూత్రం ప్రకారం ఆ తీర్పును అక్కడికక్కడే తిరస్కరించాలి. నేను కళ్లు తుడుచుకుంటూ బుద్ధిగా తలూపాను.

బండి ఎక్కబోతుంటే అత్తమ్మ గడప దాకా వచ్చింది. “దిష్టి లేదని మిర్పకాయలు చెప్పె, నువ్వూ చెప్తివి. సరే అల్లుడా, ఒప్పుకుంటి. మరి కడుపుమంట గూడ లేకుండెనా?”

వానలు పడ్డాక ఆ చెట్టు మొదట్లో పిలకలు లేచాయి. నేను కత్తెర దాచేయగా నా డ్రమ్ములోనూ ఆ తర్వాతి ఏడు పండ్లు కాశాయి, తీపో పులుపో చెప్పలేని ఆ పండ్లే. ఈ ఏళ్లలో ఎందరితోనో వాదించాను, కొందరిని గెలిచాను కూడా. అత్తమ్మకు మాత్రం ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. ఆనాడు బండి స్టార్టు కాక కిక్కు మీద కిక్కు కొడుతూ, చెవులు ఎర్రబడి, ఆమె వైపు చూడకుండా నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తే మాత్రం, వాణ్ణి భుజం తట్టి, “అబద్ధమాడకు, ఉండెనని చెప్పెయ్” అనాలనిపిస్తుంది.