ఈతతొట్టి ఇంజనీరు

గఫూర్ తాను ఇంజనీరునని ఎన్నడూ తన నోటితో చెప్పలేదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే మనిషికి అన్యాయం చేసినట్టవుతుంది. కువైట్‌లో ఒక పెద్దింట్లో ఈతకొలను కడగడం అతని పని. పొడవాటి కర్రకు కట్టిన వలతో ఆకులు తీయడం, గోడలకు పట్టిన పాచి రుద్దడం, నీళ్లలో మందు కలపడం, ఎండలో మాడడం. వెళ్లిన కొత్తలో ఇంటికి ఒక ఫోటో పంపాడు. నీలంగా మెరిసే నీళ్లు, పక్కన పంపుల గది, గది ముందు చొక్కా టక్ చేసుకుని నిలబడ్డ గఫూర్. వల మాత్రం ఫోటోలో పడలేదు. పడకుండా ముందే దాన్ని గోడ చాటుకు నెట్టేశాడు.

ఆ ఫోటో ప్రొద్దుటూరులో వాళ్ల వీధి వీధంతా తిరిగింది. మా ఆయన స్విమ్మింగ్ పూల్ ఇంజనీరని భార్య ఖాజాబీ అన్నదో, ఇంకెవరో అంటే ఆమె కాదనలేదో, ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. సెలవుకు వచ్చినప్పుడు టీ అంగడి దగ్గర "ఏమప్పా ఇంజనీరూ, ఎప్పుడొచ్చినావు?" అని పలకరిస్తే గఫూర్ నవ్వి ఊరుకున్నాడు. అబద్ధం అతను ఆడలేదు. గుమ్మంలో నిలబడ్డ అబద్ధాన్ని లోపలికి పిలిచి కుర్చీ వేశాడు, అంతే. కూర్చున్నదాన్ని లెమ్మనడానికి ఆ తర్వాత ఏ సెలవులోనూ నోరు రాలేదు. ఏటికేడు అది ఇంటి మనిషైపోయింది.

అందరికంటే గట్టిగా దాన్ని నమ్మినవాడు బావమరిది అబ్దుల్ సత్తార్. ఖాజాబీకి తమ్ముడు, మేస్త్రీ. గఫూర్ కువైట్‌లో ఉన్నన్నాళ్లూ అక్క ఇంటికి మగదిక్కు అతనే. ఆమెకు ఆపరేషనైతే ఆసుపత్రిలో నేల మీద పడుకున్నదీ అతనే, ఇప్పుడు వాళ్లుంటున్న ఇంటిని పునాది నుంచి పిట్టగోడ దాకా కట్టిందీ అతనే. బావ పేరు చెబితే చాలు, అతని ఛాతీ పొంగేది. "మా బావ చేతిలో పెద్ద పెద్ద మిషన్లు ఉండాయి" అని కూలీలకు చెప్పేవాడు. బావ చేతిలో ఉన్నది బ్రష్షు అని వాడికేం తెలుసు, పాపం.

గఫూర్ మోకాళ్లు అరిగి, ఇక చాలని ఊరికి వచ్చేసిన ఏడాదే జమ్మలమడుగులో ఓబుళరెడ్డికి ఈతకొలను పిచ్చి పట్టింది. ఆయనకు నాపరాళ్ల గని, పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉన్నాయి. ఊరి చివర కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. పులివెందులలో భార్య తరఫువాళ్ల తోట బంగళాలో ఈతకొలను చూసొచ్చినప్పటి నుంచీ ఆయనకు అన్నం సయించలేదు.

"తాగే నీళ్లకే ట్యాంకరు పిలిపిస్తాండాం. నీకు మునిగే నీళ్లు కావల్నా నాయనా?" అన్నది తల్లి ఈశ్వరమ్మ. ఆమె మాట ఆ ఇంట్లో వినేవాళ్లు లేరు.

ఆ ఇంటి పని, ఫ్యాక్టరీ గోడల పని, అన్నీ సత్తారువే. "బెంగళూరు నుంచి ఎవర్నో పిలిపించడం ఎందుకు రెడ్డీ? మా బావ ఉండాడు కదా. కువైట్లో ఇదే పని" అన్నాడు సత్తార్. మర్నాడే ఓబుళరెడ్డి కారు ప్రొద్దుటూరు సందులో పట్టక చివర ఆగిపోయింది. ఆయన నడిచొచ్చి, గఫూర్ ఇంటి అరుగు మీద వీధి వీధంతా చూస్తుండగా కూర్చున్నాడు.

"కువైట్లో ఈతతొట్లన్నీ నువ్వే సూసుకుంటాంటివంట కదప్పా. నాకొకటి పెట్టియ్యి."

సూసుకుంటాంటివి అన్నది అక్షరాలా నిజమే. చీపురు పట్టుకున్నవాడు కూడా ఇల్లు చూసుకున్నట్టే. అవునన్నట్టు తలాడించాడు గఫూర్. ఖాజాబీ టీ గ్లాసులతో వాకిట్లోకి వచ్చి భర్త వంక చూసిన చూపు ఎలా ఉందంటే, ఆ చూపు ముందు కాదని తల అడ్డంగా ఊపాలంటే వేరే గుండె కావాలి.

ఇక చూడండి అతని అవస్థ. ఈతకొలనును లోపలి నుంచి అతనికంటే బాగా తెలిసినవాడు జిల్లాలో ఉండడు. బయటి నుంచి అది భూమిలో ఎలా కూర్చుంటుందో మాత్రం ఎన్నడూ చూడలేదు. కాంక్రీటు జోలికి పోతే దొరికిపోతానని తెలిసి, తయారుగా దొరికే ఫైబర్ తొట్టి తెప్పించుకుందామన్నాడు. గొయ్యి తీసి అందులో దించడమే కదా అనుకున్నాడు. వాస్తు ప్రకారం ఈశాన్యంలో ముగ్గు పోశారు. జేసీబీ వచ్చి నల్లరేగడిని తోడిపోసింది. లారీ మీద నీలం రంగు తొట్టి జమ్మలమడుగు బజారులోంచి వస్తుంటే జనం అంగళ్లలోంచి లేచి చూశారు. క్రేను దాన్ని గొయ్యిలోకి దించింది. చుట్టూ ఇసుక పోసి గట్టిపడేలా దిమ్మిస కొట్టించడం, పైన నాపబండలు పరచడం సత్తార్ పని. బండకూ బండకూ మధ్య గీత గీసినట్టు పరిచాడు. అది ఎంత అందంగా వచ్చిందంటే, ఓబుళరెడ్డి చెప్పులు విడిచి దాని మీద నడిచాడు.

తొట్టితో వచ్చిన కంపెనీ మనిషి వెళ్లిపోతూ గఫూర్‌ను పక్కకు పిలిచాడు. ఇది వానల్లో ఎప్పుడూ నిండుగానే ఉండాలి, మమ్మల్ని అడక్కుండా ఖాళీ చేయవద్దు సార్, అని హిందీలో చెప్పాడు. ఎందుకు అని అడగాలనిపించింది గఫూర్‌కు. కానీ ఇంజనీరు ఎందుకని అడుగుతాడా? తెలిసినట్టే తలూపాడు. ఆ మాట విన్నది అతనొక్కడే.

గృహప్రవేశం ఇంకొన్ని రోజులుందనగా వాన పట్టుకుంది. మన వైపు వాన రాదు, వస్తే పోదు. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకొచ్చి కొలను నీళ్లు చెరువు నీళ్లలా తయారయ్యాయి. ఓబుళరెడ్డి ముఖం ముడుచుకున్నాడు. పులివెందుల వాళ్లు వచ్చి ఏమంటారోనని ఆయన బాధ.

ఇక్కడ మాత్రం గఫూర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఇది అతనికి వచ్చిన పని. కువైట్‌లో చుట్టాలొస్తున్నారంటే నీళ్లన్నీ తోడించి, గోడలు రుద్ది, కొత్త నీళ్లు పట్టడమే. కంపెనీ మనిషి మాట గుర్తు రాక కాదు. గుర్తొచ్చింది. అమ్మే వాళ్లు అన్నీ అలాగే చెబుతారులే అనుకున్నాడు. మోటారు పెట్టించి సాయంత్రానికల్లా తొట్టి ఖాళీ చేయించి, లోపలికి దిగి తన చేత్తో తానే గోడలు తోమాడు. ఆ ఊళ్లో అతను దొంగవేషం లేకుండా చేసిన పని అదొక్కటే.

తెల్లవారేసరికి తొట్టి నేలలోంచి పైకి లేచి కూర్చుంది. తడిసిన రేగడిలో దిగిన నీరు అడుగున చేరి, ఖాళీ తొట్టిని పైకి తోసింది. కుడితిలో ఖాళీ చెంబు తేలినట్టు, మోకాలి ఎత్తున, ఒక పక్కకు ఒరిగి ఉంది. పైపులు తెగిపోయాయి. సత్తార్ పరిచిన బండలు చెల్లాచెదురుగా లేచి పగిలిపోయాయి. ఊరంతా చూడ్డానికి వచ్చింది. పడవ ఎప్పుడు బయలుదేరుతుందని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

గఫూర్‌కు చూడగానే అర్థమైంది. కంపెనీ మనిషి ముఖం, పెదవులు, చెప్పిన మాట, తాను ఊపిన తల, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి.

"ఇసక నింపింది ఎవుడు? దిమ్మిస కొట్టింది ఎవుడు?" అని ఓబుళరెడ్డి అరిచాడు.

"నేనే రెడ్డీ. గట్టిగానే కొట్టించినా" అన్నాడు సత్తార్.

"గట్టిగా కొడితే ఇది ఎట్ల లేస్తది? నువ్వు చెప్పప్పా ఇంజనీరూ, తప్పు యాడ జరిగింది?"

అందరూ గఫూర్ వైపు తిరిగారు. సత్తార్ కూడా తిరిగాడు. బావ చెబితే తన తప్పేమిటో తనకూ తెలుస్తుందన్నట్టు, బడిపిల్లవాడిలా నిలబడ్డాడు. గఫూర్ వంగి కాస్త ఇసుక చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. ఎందుకు నలిపాడో అతనికే తెలియదు.

"సూడాల" అన్నాడు.

సూడాల అంటే ఏమీ కాదు. అయినా చేతిలో ఇసుక పెట్టుకుని ఇంజనీరు సూడాల అంటే, ఇసుకదే తప్పని అర్థం కావడానికి ఎవరికీ చదువు అక్కర్లేదు. ఇంటి పనికీ ఫ్యాక్టరీ పనికీ రేపటి నుంచి రావద్దని ఓబుళరెడ్డి అప్పటికప్పుడే సత్తార్‌తో చెప్పేశాడు. రెడ్డి తీసేసిన మేస్త్రీని జమ్మలమడుగులో ఇంకెవరూ పిలవరు.

ఆ మర్నాటి సాయంత్రం సత్తార్ వచ్చాడు. ఎప్పుడూ వచ్చీరాగానే వంటింట్లోకి దూరి గిన్నెల మూతలు తీసేవాడు, ఆ రోజు గడప దాటలేదు. ఖాజాబీ అందుకుంది.

"మీ బావ పరువు తీస్తివి కదరా. అంత పెద్ద పని నిన్ను నమ్మి చేయిస్తే దిమ్మిస కొట్టను చేతకాలేదా?"

సత్తార్ ముందుకొచ్చి, గఫూర్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

"బావా, నువ్వు చెప్పినట్లే చేసినా. యాడ తప్పు పోయిందో నాకు తెలీడం లేదు. ఆలోచిస్తానే ఉండా. కువైట్లో అంత పేరు తెచ్చుకోనొచ్చి, నా వల్ల నలుగుర్లో తల దించుకుంటివి. మన్నించు బావా."

అతని అరచేతులు సున్నానికీ సిమెంటుకీ పగిలి గరుకుగా ఉన్నాయి. మాట అక్కడే ఆపేయమని చెప్పడానికి గఫూర్‌కు ఎంతో వ్యవధి ఉంది. నిండుగా, చివరి దాకా చెప్పనిచ్చాడు.

"పోనీలేరా" అన్నాడు చివరికి. "అయిందేదో అయిపోయింది."

సత్తార్ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. మా ఆయనది పెద్ద మనసని ఖాజాబీ పొరుగింటి మైమూన్‌తో చెబుతుంటే గోడ ఇవతల గఫూర్‌కు వినిపించింది. సిగ్గుపడే మనిషికి ముఖం దాచుకోవడానికి చోటైనా కావాలి. అతను కూర్చున్న ఇల్లే సత్తార్ కట్టింది.

కొన్ని రోజులు పోయాక, తొట్టి సంగతి తేల్చడానికి ఓబుళరెడ్డి రమ్మంటే జమ్మలమడుగు బస్సెక్కాడు గఫూర్. ప్రొద్దుటూరులో కూలీలు నిలబడే అడ్డా దగ్గర బస్సు నెమ్మదించింది. కూలీల మధ్య, తాపీ సంచి భుజాన వేసుకుని సత్తార్ నిలబడి ఉన్నాడు. పది మందికి పని చూపించిన మేస్త్రీ, ఎవరైనా పిలుస్తారేమోనని వచ్చే పోయే బండ్ల వంక చూస్తున్నాడు. బస్సు కిటికీలో బావను చూసి గబుక్కున తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. సిగ్గుపడాల్సినవాడు కిటికీ దగ్గర హాయిగా కూర్చున్నాడు, ఏ పాపం ఎరగనివాడు ముఖం కప్పుకున్నాడు.

బస్సు దిగేటప్పటికి గఫూర్ నిశ్చయించుకున్నాడు. ఓబుళరెడ్డి ఇంటి ముందు పనివాళ్లంతా ఉన్నారు, ఈశ్వరమ్మ అరుగు మీద ఉంది. లోపలికి పోయి చాటుగా చెప్పొచ్చు. అక్కడే చెప్పాడు.

"రెడ్డీ, తప్పు సత్తారుది కాదు. తొట్టి ఖాళీ చేయొద్దని కంపెనీ ఆయన నాతో చెప్పిపోయినాడు. నేను చేయించినా. దానికే లేసింది. ఇంకోటి... నేను ఇంజనీర్ను కాదు. కువైట్లో నేను తొట్లు కడిగేవాణ్ణి."

ఓబుళరెడ్డి తిడతాడనుకున్నాడు గఫూర్. తిట్టినా బాగుండేది. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు.

"తొట్టి కడిగేవానితో తొట్టి పెట్టించుకుంటినా నేను! అమ్మా, వింటివా?" పనివాళ్లు కూడా నవ్వారు. అప్పుడే గేటు దగ్గరికి వచ్చిన కరెంటాయనకు మళ్లీ మొదటి నుంచి గఫూర్ చేతనే చెప్పించాడు. గఫూర్ చెప్పాడు. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే కష్టం. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని ఓబుళరెడ్డి సత్తార్‌కు ఫోన్ చేశాడు. జరిగింది చెప్పి, రేపటి నుంచి పనికి రమ్మన్నాడు.

గఫూర్ తిరిగొచ్చేసరికి ఖాజాబీకి ఫోన్లో అంతా తెలిసిపోయింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఇంజనీరు పెండ్లాన్నని ఇన్నేండ్లు ఊరంతా చెప్పుకుంటి" అని మాత్రం అన్నది. తర్వాత, "ముందు వాని దగ్గరికి పో" అన్నది.

సత్తార్ తన ఇంటి ముందు తాపీ కడుక్కుంటున్నాడు. పని దొరికిన మనిషి ముఖంలా లేదు అతని ముఖం. గఫూర్ నిలబడే చెప్పాడు, తప్పు నాదేరా, అబద్ధమాడి నీ నోటికాడి కూడు తీసినాను, అని. సత్తార్ తాపీని కడగడం ఆపలేదు.

"కువైట్కు పోయినోళ్లందరూ ఏదో ఒకటి చెప్పుకుంటారు బావా. నువ్వు తొట్లు కడిగితే నాకేంది? ఆ దుడ్లతోనే కదా మా అక్క బతికింది. నేను మొయ్యని మట్టా, ఎత్తని పెంటా. రెడ్డి ముందర నోరు పెగల్లేదంటే అది గూడా నాకు తెలుస్తది. భయం ఎవురికి లేదు?"

తాపీని గోడకు ఆనించి అతను లేచి నిలబడ్డాడు. అప్పుడు మొదటిసారి గఫూర్ కళ్లలోకి చూశాడు.

"ఆ పొద్దు నేను నీ చేతులు కండ్లకు అద్దుకుంటి. నువ్వు ఊరికే ఉన్నా సరిపోతాండె. పోనీలేరా అంటివి. చేయని తప్పుకు నన్ను మన్నించినావు సూడు బావా, అది నాకు దిగడం లేదు."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.