మా తోటికోడలు చేసిన బోర్డు

పోయిన నెల ఒక పొద్దున్నే మా బావగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ అక్కయ్య ఇక లేదమ్మా," అన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. పటమటలో వాళ్ళింటికి వెళ్ళేసరికి వీధంతా ఆవిడ విద్యార్థులే. అంత దుఃఖంలోనూ, నేను పోతే ఇంతమంది వస్తారా అనిపించింది. మా తోటికోడలి గురించి రాస్తూ ఈ మాట దాస్తే ముందు నవ్వేది ఆవిడే.

ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం, ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాళ్ళం. ఆవిడ పెట్టిన పులుసూ, చెప్పిన పాఠమూ నావాటికంటే బాగుండేవి. చల్లపల్లి నుంచి అత్తయ్యగారు వస్తే నన్ను పలకరించి, ఆవిడతో కబుర్లాడేవారు. ల్యాబ్‌లో సోల్డరింగ్‌కి కూర్చునే ముందు ఆవిడ గాజులు తీసి నా చేతికిచ్చేది. పని తెమిలేదాకా వాటిని పట్టుకుని ఉండాల్సిందే.

ఊళ్ళో ఒక ఆసుపత్రిలో పాత గామా కెమెరా మూలపడింది. రోగికి ఇచ్చిన మందు నుంచి వచ్చే కిరణాలు అందులోని పలకకు తగిలితే సన్నటి మెరుపు పుడుతుంది. అది ఎక్కడ పుట్టిందో, ఎంత బలంగా ఉందో కొలిచి కంప్యూటర్‌కి అందించే బోర్డు పాడైంది. కంపెనీవాళ్ళు విడిభాగాలు చేయడం మానేశారు. కొత్త బోర్డు చేసిపెట్టమని ఆసుపత్రివాళ్ళు మా కాలేజీని అడిగారు. మేమిద్దరం చెరొకటి చేశాం.

పరీక్షలో నాదే ఎక్కువ మెరుపుల్ని పట్టింది. గెలిచాననుకున్నాను. కానీ మెరుపులు వెంటవెంటనే వచ్చేసరికి నా బోర్డు రెంటినీ కలిపేసి, తెరమీద ఏమీ ఉండకూడని చోట చుక్క పెట్టింది. ఆవిడది అలాంటివాటిని వదిలేసింది.

"తప్పు చుక్క కంటే లేని చుక్క నయమే," అంది నాతో. "ఆ చుక్కని డాక్టరు నమ్ముతాడు."

ఆవిడ బోర్డే పెట్టారు. నా బోర్డు పనితనం ముచ్చటగా ఉందని అందరిముందూ మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు నాకిప్పటికీ కారంగానే ఉంది. అయినా ఆ చుక్క మాటని క్లాసులో ఏటా చెబుతాను. ఎవరిదో చెప్పే ముందు కాస్త తటపటాయిస్తాను, కానీ చెబుతాను.

కొన్నేళ్ళకి నాకు రొమ్ములో గడ్డ తీశారు. ఆ తర్వాత నడుంనొప్పి మొదలైతే, ఎముకలకి పాకిందేమో చూద్దామని స్కాన్ రాశారు. అదే ఆసుపత్రి, అదే కెమెరా. ఆవిడ సెలవు పెట్టి వచ్చి, తెర ముందు డాక్టరు పక్కన నిలబడింది. కెమెరా నా మీదుగా మెల్లగా జరుగుతోంది. నేను బతుకుతానో లేదో కూడా ఈవిడ బోర్డే చెప్పాలా అని, అంత భయంలోనూ ఒళ్ళు మండింది.

ఏమీ లేదని డాక్టరు చెప్పాక ఆవిడ నా దగ్గరకొచ్చింది.

"నిక్షేపంలా ఉన్నాయే నీ ఎముకలు. చూస్తుంటే నాకే కుళ్ళొచ్చింది," అంటూ కళ్ళొత్తుకుంది.

నేను బతికినందుకు నాకంటే ముందు ఆవిడ ఏడ్చేసింది. అదీ నాకు నచ్చలేదు. ఆవిడ చెయ్యి మాత్రం ఇంటికి చేరేదాకా వదల్లేదు.

పెద్దకర్మ అయ్యాక ఆ ఆసుపత్రికి వెళ్ళాను. ఆవిడ దగ్గర చదువుకున్న టెక్నీషియన్ అమ్మాయి నన్ను గుర్తుపట్టి కెమెరా గదిలోకి రమ్మంది. బల్లమీద ఎవరో పెద్దాయన పడుకుని ఉన్నారు. నల్లటి తెరమీద చుక్కలు పడుతున్నాయి. ముందు భుజాలు, తర్వాత పక్కటెముకలు, వెన్ను. వాటిలో ఒక్కటైనా నా బోర్డు నుంచి వచ్చి ఉంటే బాగుండేదనుకుంటూ, ఆయన పాదాలు కనిపించేవరకూ అక్కడే చూస్తూ ఉండిపోయాను.