అడ్డాకు విస్తరి మర్యాద

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా బావ నన్ను సినిమాకు తీసుకెళ్ళాడు. తెలుగులోకి మార్చిన విదేశీ చిత్రం. ఊళ్ళో ఎవరితోనూ పడని ఒక తెల్ల ముసలి రైతుకీ, పక్క పొలం కొనుక్కుని వచ్చిన నల్లజాతి వడ్రంగికీ కంచె దగ్గర మొదలైన తగవు మెల్లగా స్నేహమవుతుంది. చివర ఇద్దరూ కలిసి ఆ కంచె పీకేస్తుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. మా బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకూ సంతోషం వేసింది, దాచుకోను. ఆ సంతోషం మద్దిలపాలెంలో ఆటో దిగేదాకా నిలిచింది.

బావ మేడమీది పోర్షను కొన్ని నెలలుగా ఖాళీ. ఇక్కడ చదువుకుంటున్న ఒక ఆఫ్రికా విద్యార్థి ఇల్లు దొరక్క తిరుగుతున్నాడని తెలిసి, కొడుకు ఫ్లాటులో ఒక్క గదిలో సర్దుకుంటున్న నేను చేయగలిగింది అదొక్కటే కనుక, ఆ సాయంత్రం వచ్చి బావ ఇల్లు చూసుకోమని చెప్పి ఉన్నాను. అద్దె బోర్డు వేలాడుతున్న గేటు తీస్తూ ఆ సంగతి గుర్తుచేస్తే, ఇంకా కళ్ళు ఎర్రగానే ఉన్న మా బావ గొంతు తగ్గించాడు.

"నానేటి సేతాను బావా? నాకేటీ అభ్యంతరం నేదు. కింద అద్దెకున్నోళ్ళు ఊరుకోరు. ఆళ్ళ వంటలూ, ఆ వాసనలూ... మీ అక్క ఏటంటాదో నీకు తెల్దా?"

"ఇందాక హాల్లో ఏడిసింది నువ్వేనేటి?"

"సినిమా సినిమాయే, ఇల్లు ఇల్లే. నీకు ఇంగ్లీషొచ్చు గదా, నువ్వే సెప్పీ. నిన్ననే ఎవులో ఖాయం సేసుకున్నారని మెత్తగా సెప్పీ. ఆ కుర్రోడి మనసూ కష్టపడదు."

మెత్తగా చెప్పడం నాకు కొత్త కాదు. ఆ విద్యలో నేను ఒకప్పుడు ఆరితేరినవాణ్ణి.

విశాఖపట్నం రేవులో టాలీ క్లర్కుగా, అంటే ఓడలోంచి దిగే బస్తాలూ పెట్టెలూ సరిచూసే పనిలో, చేరిన రెండో ఏడు. యంత్రం చెడి, దాని విడిభాగం ఎక్కడినుంచో రావాలని ఎదురుచూస్తూ ఒక ఓడ నెలల తరబడి మా రేవులో నిలిచిపోయింది. దాని వంటవాడు ఘనా దేశస్థుడు, నాకంటే పదేళ్ళు పెద్ద. కూరగాయలకు దారి చూపమంటే పూర్ణా మార్కెట్‌కు వెంట తీసుకెళ్ళాను. వంకాయ ముచ్చిక చూసి ముదురో లేతో చెప్పే ఆ మనిషి మీద నాకు మొదటి రోజే గురి కుదిరింది. ఆ తర్వాత సాయంత్రాలు సముద్రపు ఒడ్డున కూర్చుని దేవుడున్నాడా లేడా అని వాదించుకునేవాళ్ళం. ఆయన ఉన్నాడనేవాడు, నేను లేడనేవాణ్ణి. ఇద్దరికీ కోపం వచ్చేది కాదు. ఆ రోజుల్లో నేను ఆదివారం చర్చా సభల్లో కులం మీదా మడి మీదా నిప్పులు చెరిగేవాణ్ణి. బల్ల గుద్దితే గ్లాసులు ఎగిరేవి.

ఒక రోజు ఆయన్ని ఇంటికి భోజనానికి పిలిచాను. మా తరం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఇంటివాళ్ళకు కంచం, అంటరాదనుకున్నవాడికి ఆకు. మాదేమంత గొప్ప కులమని కాదు, మాకూ కొన్ని ఇళ్ళలో గడప బయటే మంచినీళ్ళు పోసేవారు. అయినా మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి తేల్చి చెప్పింది.

"ఆడికి ఆకెయ్యరా. తిన్నాక ఆడినే తీసుకెళ్ళి పారీమను. నాను ముట్టను."

బల్లలు గుద్దిన వాణ్ణి, ఒక్క మాట అనలేదు. మా ముందు కంచాలు, ఆయన ముందు అడ్డాకు విస్తరి. పుల్లలతో కుట్టిన ఆ ఆకును ఆయన వేలితో తడిమి చూసి, తనకొక్కడికే ఎందుకని అడిగాడు. గొప్ప అతిథికి మేము చేసే మర్యాద ఇది అన్నాను. తిన్న ఆకు తానే ఎందుకు తీయాలని అడిగితే, అదీ మర్యాదలో భాగమే అన్నాను. మెత్తగానే చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. మా అమ్మకు వంగి దణ్ణం పెట్టాడు.

రెండు వారాల తర్వాత నన్ను ఓడకు పిలిచాడు. భోజనాల గదిలో పది మంది దాకా ఉన్నారు, అందరికీ పింగాణీ పళ్ళేలు. నా ముందు మాత్రం ఆయన వెనక దాచిన చేతిని ముందుకు తెచ్చి, పూర్ణా మార్కెట్లో అడిగి అడిగి కొన్న అడ్డాకు విస్తరి పరిచాడు. మా ఇంటి మర్యాద సంగతి అందరికీ ముందే చెప్పి ఉంచాడట. తిన్నాక, ఇక లేచి ఆకు తీయమని కళ్ళతో నవ్వుతూ సైగ చేశాడు. తీశాను. ఆ గదిలో ఈ చివరనుంచి ఆ చివరకు, చెత్తబుట్ట దాకా, ఎంగిలాకు రెండు చేతులా పట్టుకుని నడిచాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు చెప్పలేదు. ఓడ కదిలే రోజు ఆయన చంకలో ఒక విస్తళ్ళ కట్ట పెట్టుకుని కనిపించాడు, ఇంటికి వెళ్ళాక వాళ్ళ ఊరి పెద్దలకు వాటిలో వడ్డిస్తాడట. అప్పుడూ చెప్పలేదు. ఆ ఆదివారమే సహపంక్తి భోజనాల మీద గంటసేపు మాట్లాడాను. బాగా మాట్లాడానన్నారు.

అందుకే మొన్న ఆ విద్యార్థి గేటు ముందు నిలబడితే, ఈసారి అబద్ధం ఆడలేదు. ఇల్లు ఖాళీగానే ఉందని, నువ్వు ఆఫ్రికా వాడివి కనుక ఇవ్వరని, ఇవ్వననేది మా బావేనని ఉన్నదున్నట్టు చెప్పాను. నిజం చెబితే ఏదో జరుగుతుందని నాకు ఈ వయసులోనూ ఆశ. అతను తలూపాడు. పక్క వీధిలో ఏమైనా అద్దె బోర్డులున్నాయా అని అడిగాడు. వీధి చివరదాకా తోడు వెళ్ళి వచ్చాను.

"ఏటి, సెప్పీసేవా?" అన్నాడు బావ మేడ మీదనుంచి. "కష్టపెట్టుకున్నాడేటి?"

ఇప్పుడు పెళ్ళిళ్ళలో అందరికీ ఒకే రకం కాగితం పళ్ళెం, ఎవరి పళ్ళెం ఎందుకు పారేశారో ఎవరికీ తెలియదు. ఆకు పోయింది, అద్దె బోర్డు వచ్చింది. చప్పట్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. నా స్నేహితుడు ఇప్పుడున్నాడో లేడో. ఉంటే, ఆయన మనవలు ఏవో ఆకులు తెచ్చి పుల్లలతో కుట్టి, ఇంటికొచ్చిన కొత్తవాడి ముందు పరిచి, ఇది విశాఖపట్నం మర్యాద అని చెబుతూ ఉండవచ్చు. నేనాడిన అబద్ధం అక్కడైనా నిజమై ఉంటే బాగుండును. ఇక్కడ మాత్రం బావ గేటుకు ఆ బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది.